సాదా నేత

సముద్రం గడ్డకట్టింది.
హెల్తెర్మా రేవులో పడవ మూడో రోజూ కదల్లేదు.
టికెట్లు చింపే పని లేదు నాకు.
వంటింటి బల్ల మీద పాత కంప్యూటర్,
పక్కనే డిస్కులో దాని మూలం:
తెర మీద బొమ్మ నిలబడాలంటే ఏమేం కావాలో
అన్నీ అక్షరాలే, ఒక్క బొమ్మా లేదు.

కట్టి చేతికిచ్చేవాళ్ళు లేక కాదు.
రొట్టెల కొట్టు ఎదురుగా ఉన్నా
పిండి తెచ్చుకుని కాల్చుకునేవాళ్ళుండరా ఏం?

ముందు మర్యాదలు,
ఎవరు ఎవర్ని ఏ మాటతో పలకరించాలో చెప్పే చిన్న ఫైళ్ళు.
ఆ తర్వాత లైబ్రరీలు, ఒకదాని భుజం మీద ఒకటి.
ఆపైన సర్వర్.
ఇందులో సర్వరంటే ఎక్కడో దూరాన ఉండే దొర కాదు,
నా ముందున్న ఈ తెరే, ఈ మౌసే.
చేయి చాచేవి ప్రోగ్రాములు:
కాస్త చోటిస్తే ఒక గీత గీసుకుంటాం అని.

మేక్ అని కొట్టి ఎంటర్ నొక్కాను.
నల్లటి తెర మీద తెల్లచీమల బారు
పైకి పోతూనే ఉంది.
పొయ్యిలో బర్చి కట్టె వేశాను. కాఫీ తాగాను.
జోడు కిటికీ అద్దాల మధ్య అక్టోబరులో కూరిన నాచు
ఎండి గోధుమరంగుకి తిరిగింది.
బయట చూడ్డానికి అసలేమీ లేదు.

రెండు గంటలకి ఆగింది.
ఫలానా హెడర్ లేదంది. ఉంది. చూపించాను.
మళ్ళీ నడిచింది.
ఈసారి ఆగకుండానే ఒక మాట అంది:
ఈ ఫైలు భవిష్యత్తులో రాసింది.

లోపలి బ్యాటరీ, చొక్కా బొత్తాం అంతది,
ఎప్పుడో చచ్చిపోయింది.
ఈ యంత్రం లెక్కలో ఇవాళ
వెయ్యిన్నీ తొమ్మిది వందల డెబ్బయి, జనవరి ఒకటి.
నేనింకా పుట్టలేదు.
పుట్టని మనిషి వంటింట్లో కూర్చుని
ఎవరూ రాయనిదాన్ని కట్టమంటోంది.
ఏది పాతో ఏది కొత్తో తేలక
కట్టిందే కడుతూ, కట్టాల్సింది వదిలేస్తూ
పాపం, అది మాత్రం ఏం చేస్తుంది?

నిజానికి టైమెంతో నాకూ తెలియదు.
గోడ గడియారం నవంబరు నుంచి తన ఇష్టం.
రేడియో పెట్టి పిప్పుల కోసం కాచుక్కూర్చున్నా.
ఐదు పొట్టివి. ఒకటి పొడుగు.
ఆ పొడుగుదానికి ఎంటర్.
యాభై చిల్లర ఏళ్ళు ఒక్క వేలితో దాటించేశాను.
కట్టిందంతా చెరిపి, మళ్ళీ మొదటి నుంచి.

తెల్లారింది. ఇక్కడ తెల్లారడమంటే తొమ్మిదయ్యాక.
పక్కింటి హిల్యా పాల సీసాతో వచ్చింది,
చిరిగిన బట్టల పీలికలతో తివాచీలు నేసే హిల్యా.
ఆమె గుమ్మంలో బూట్ల మంచు దులుపుకుంటుండగా
ఆఖరి వరస పడి ఆగింది. తప్పు లేదు.
ఒకే ఒక్క అక్షరం కొట్టాను: ఎక్స్.

చీకటి.
పొయ్యిలో కట్టె చిటపటమన్నది వినిపించింది.
తర్వాత బూడిదరంగు,
అంచు నుంచి అంచుకి నల్లచుక్క తెల్లచుక్క,
నడుమ నేను కొట్టిన అక్షరమే, ఇంటూ గుర్తులా.
అంతే.
కిటికీల యంత్రాంగం కట్టడానికి రాత్రంతా పోయింది,
ఒక్క కిటికీ లేదు.

పాడైందా అంటుందనుకున్నా.
హిల్యా కళ్ళద్దాలు పైకి తోసి
ముక్కు తెరకి ఆనేంత వంగింది.
"సాదా నేత. ఒకటి పైన, ఒకటి కింద.
ఎక్కడా పోగు తప్పలేదు.
రాత్రంతా దీనికేనా?"
దీనికే అన్నాను.
"పడుగు ఎక్కించడానికి నాకూ రెండ్రోజులు.
మా ఆయన వచ్చి చూసి, ఇంకా మొదలెట్టలేదా అనేవాడు."

పాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.
మౌస్ కదిపితే ఇంటూ గుర్తు కదిలింది,
కొత్తబట్ట మీద పురుగు పాకినట్టు.
చాలాసేపు ఊరికే తిప్పుతూ కూర్చున్నా.

తర్వాత ఇంకో కన్సోలు నుంచి గడియారాన్ని పంపాను,
మొట్టమొదటి కిటికీ, ఓ మూల, అరచేతంత.
రెండు ముళ్ళు. తొమ్మిదీ నలభై.
పెద్దముల్లు ఒక గీత దాటేదాకా చూశాను.
రేవు నుంచి కూత ఇంకా రాలేదు.