ఐదు ఓల్టులు

షార్జా ఇండస్ట్రియల్ ఏరియా, పదమూడో గల్లీ.
వాన వెలిసి తొమ్మిది దినాలు.
షెడ్డు గోడ మీద నీళ్ళు గీసిపోయిన గీత
ఇంకా నా మోకాలి పైకే ఉన్నది.

రికవరీ బండెక్కి వచ్చిందది,
నల్ల జీటీఆర్.
ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు,
కార్పెట్ లేపితే ఎవరిదో చిన్నపిల్ల చెప్పు.
ఓనరు సుహైల్ దానికి ఘురాబ్ అని పేరు వెట్టుకున్నడు.
వాళ్ళ భాషల కాకి.
రెక్కలు తడిసిన కాకి లెక్కనే ఉన్నది మరి.

ప్లగ్గులు ఊడదీసి నీళ్ళు కక్కించినం.
నూనె మూడుసార్లు మార్చినం,
మూడోసారి గాని పాలరంగు పోలే.
సెల్ఫ్ కొడితే తిరుగుతది,
అంటుకున్నట్టే అయి
దగ్గి పండుకుంటది.

స్కానర్ వెడితే పదిహేడు కోడ్లు.
థ్రాటిల్ తప్పంటది, బూస్టు తప్పంటది,
క్యాము తప్పంటది, గాలి తప్పంటది.
పంచాయితీకి పిలిస్తే
ఊరంత ఒక్కపాలే మాట్లాడినట్టు.

ఫోర్‌మన్ కుంజుమోన్ లెక్కగట్టిండు:
అన్నీ మార్చెయ్, పదకొండు వేల దిర్హాములు.
నేనన్న:
పదిహేడు మంది ఒక్కనాడే చెడిపోరు చేటా,
అందరికి బువ్వ వెట్టే చెయ్యి ఒక్కటుంటది,
ముందుగాల దాన్ని అడుగుదాం.

మీటరు ఎర్రముల్లు గుచ్చిన.
ఐదు ఓల్టులుండాల్సిన కాడ
సున్నా పాయింట్ ఎనిమిది.
కంప్యూటర్ డబ్బా విప్పి చూసిన,
లోపల బొట్టు తడి లేదు.
అది పంపుతనే ఉన్నది పాపం,
తొవ్వల ఎవడో తాగుతున్నడు.

ఇగ ఒక్కొక్కటే పీకుడు.
ఈడ వాన నీళ్ళు గూడ ఉప్పగనే ఉంటయి,
భూమి లోపలి ఉప్పును నిద్రలేపి తీస్కొస్తయి.
పిన్నుల మీద పచ్చటి కిలుం.
పళ్ళ బ్రష్షుతోని తోమి, స్ప్రే కొట్టి, ఊది
మళ్ళ మీటరు దిక్కు చూసుడు.
సున్నా పాయింట్ ఎనిమిది.
మళ్ళొకటి. సున్నా పాయింట్ ఎనిమిది.
అసర్ అజా అయింది. చాయ్ సల్లారింది.

ఆఖరుకు బంపర్ ఎన్క,
ఏసీ పైపు మీద, బొటనవేలంత,
గ్యాసు ఒత్తిడి చూసే బుడ్డ సెన్సారు.
ఇంజన్‌తోని దానికేం పని అని
పొద్దటి సంది దాని మొఖమే చూడలే.
పదిహేడు కోడ్లల్ల దాని పేరే లేదు.
పీకిన.
నాలుగు పాయింట్ తొంభై ఎనిమిది.

ఒర్లలే, ఎగరలే.
కొంచెంసేపు అట్లనే నేలమీద కూసున్న.

రెండు గాలి సెన్సార్లు నిజంగనే పోయినయి, మార్చిన.
పదిహేనింటి మీద మోపినయన్ని ఉత్త నిందలే.
కాకి గొంతు సవరించుకోని కూసింది,
షెడ్డు రేకులు గజగజ వణికినయి.
సుహైల్ అరచేతిల ఆ బుడ్డదాన్ని పెట్టిన.
ఇదేనా? అన్నడు. నూట ఇరవై దిర్హాములది.
వాసన చూసిండు, ఎందుకో.

రూమ్‌ల మేం ఏడుగురం.
వాన పడ్డకాడి నుంచి
కూరల ఉప్పుకు కొట్లాట, ఫ్యాను గాలికి కొట్లాట,
చార్జింగ్ ప్లగ్గుకు గల్లాలు పట్టుకునుడు.
భూమేశ్ ఒక్కడే ఎవ్వల నోట్ల పడడు.
ఆ రాత్రి అందరి బ్యాగులు
భుజాన మోసి మీదికి చేర్చింది వాడే.
వాని రేకుపెట్టె మాత్రం
కింది మంచం కిందనే మునిగింది.

రాత్రి బువ్వ కాడ పక్కకు జరిగి అడిగిన:
నీ పెట్టెల ఏముండె రా?

ముద్ద చేతిల పట్టుకోని
శానసేపు ప్లేటు దిక్కే చూసిండు.
కింద గల్లీల ఎవరిదో బండి
సెల్ఫ్ కొడుతున్నరు,
అంటుకుంటలేదు,
మళ్ళ కొడుతున్నరు.