బొడ్డు మచ్చ

వర్డ్స్‌లీ చర్చి హాల్లో శనివారం పూట
డోరిన్ హింగ్లీ బల్ల ముందు కూర్చుంటే
మొదట చేతులు చూపమంటుంది.
ఉంగరాలు తీయాలి, గాజులూ తీయాలి.
గాజులు తీసి గాజు చూపించాలి.
ఈ తమాషా ఆమెకి ఏ భాషలో చెప్పను?

వానలో, బురదలో, కారు డిక్కీల సంతలో
నాలుగు పౌండ్లకి కొన్న పూలకూజా నాది.
లేత పసుపు. అంచు, నూనెలో పడ్డ అప్పడంలా
వంకర్లు తిరిగి.
అమ్మినవాడు ఒట్టేశాడు:
"ఇక్కడిదే, స్టౌర్‌బ్రిడ్జ్ కొలిమిలో పుట్టింది,
మా తాతమ్మ పెళ్లి కానుక."
సంతలో ప్రతి సరుక్కీ ఒక తాతమ్మ ఉంటుంది.

డోరిన్ ఆ కథ అడగలేదు.
కూజాని బోర్లించింది.
"ముందు బొడ్డు చూడాలి" అంది.
కాదు, ఆమె అన్న మాట వేరు,
నాకు మాత్రం బొడ్డనే వినబడింది.
ఇనపకడ్డీ నుంచి విరిచి తీసిన చోటు.
కొందరు గరుకుగా వదిలేస్తారు,
కొందరు సానపట్టి
బొటనవేలు పట్టేంత గుంట చేస్తారు.
ఇది నున్నగా ఉంది.
తల్లి ఎవరో తెలియదుగానీ
మంత్రసాని పనిమంతురాలు.

తర్వాత చెవి దగ్గర పెట్టుకుని
కుండ కొనేదానిలా గోటితో తట్టింది.
సీసం కలిసిన గాజైతే చాలాసేపు మోగుతుందట.
ఇది టక్‌మని ఊరుకుంది.
"మావాళ్లు సీసం దగ్గర పిసినారులు కారు."
అక్కడే నా స్టౌర్‌బ్రిడ్జ్ సగం పోయింది.

లైట్లార్పించి నల్లదీపం వేసింది.
నా నాలుగు పౌండ్లూ నారుమడిలా
పచ్చగా లేచాయి.
"యురేనియం. భయపడకు."
భయం కాదు, పళ్లడాక్టర్ని నేను.
వెనకటి పింగాణీ కట్టుడుపళ్లలోనూ
అదే కలిపేవారని ఎప్పుడో చదివాను.
ఈ దీపం కింద నవ్వి ఉంటే
ఎంతమంది ముసలాళ్లు వెలిగేవారో.

భూతద్దం నా చేతికిచ్చింది. చెప్పులేసుకి కట్టి ఉంది.
"అడుగున గీతలు చూడు.
అన్నీ ఒకే దిక్కుకి ఉంటే
ఎవడో గరుకు కాగితంతో
ముసలితనం రుద్దాడని.
నిజం వయసు అడ్డదిడ్డంగా వస్తుంది."

రోజూ నేను చూసేదీ అదే.
ఏ దవడతో నమిలారో,
రాత్రులు ఎంత పళ్లు కొరికారో
నోరు తెరవగానే తెలుస్తుంది,
వాళ్లు చెప్పేది ఇంకోటైనా సరే.
ఈ అడుగు ఒక పక్కే ఎక్కువ అరిగింది.
"గోడవారన పెట్టి,
దుమ్ము తుడిచినప్పుడల్లా
ఎడంచేత్తో లాగిన మనిషి" అన్నాను.
డోరిన్ మొదటిసారి నా మొహం చూసింది.

"బొహీమియా.
పద్దెనిమిది వందల తొంభై దాటాక,
పెద్ద యుద్ధానికి ముందు.
గడ్డిలో చుట్టి ఓడెక్కించి
ఇక్కడి దుకాణంలో ఇక్కడిదని అమ్మారు.
ఇంకెవరైనా ఇంకో ఊరంటే కాదనను.
రాసిమ్మంటే రాసివ్వను."

లోపల, పావువంతు ఎత్తున,
ఒక తెల్లటి వలయం.
నీళ్లు నిలిచి ఇంకిన గీత.
"దీనికి మాత్రం తేదీ కట్టలేను.
పూలు పెట్టి,
ఇక నీళ్లు మార్చని రోజు అది.
ఆమ్లంతో కడిగిస్తే పోవచ్చు. ధర పెరుగుతుంది."

రోజుకి పదిమంది పళ్ల మీద గార గీకేదాన్ని,
దీనికి చెయ్యి రాలేదు.

రాత్రి వంటింటి కిటికీలో పెట్టి
సరిగ్గా ఆ గీత దాకా నీళ్లు పోశాను.
పూలు లేవు. కొత్తిమీర కట్ట ఉంది.
పొద్దున్నే గట్టు తుడుస్తూ
పక్కకి లాగబోతే గుర్తొచ్చింది,
నాది కుడిచెయ్యి.