గంటల గడి

ఫారంల పన్నెండో గడి:
"సేవ చేసిన మొత్తం గంటలు."
కాలేజీ ఆఫీసుల గుమాస్తాను నేను,
ఇరవై రెండేండ్ల సంది గడులు నింపుతున్న చెయ్యి.
ఆ గడి కాడ పెన్ను ఆగింది.

నవనీతను పిలిపించిన.
"ఎన్ని గంటలు బిడ్డా?"
"ఏమో మేడం.
బొగ్గులైతే రెండు బస్తాలు కాలినయి."

బొందివాగు మా ఇంట్లకు వచ్చిన రాత్రి
నాకిప్పటికీ వాసనగానే యాదికున్నది.
అటుక మీద కూసున్నం.
కింద బియ్యం డబ్బా
తనే ఇల్లు ఖాళీ చేస్తున్నట్టు
తేలుకుంట గడప దాటింది.

మూడో నాడు నీళ్లు గుంజినయి.
గోడలకు నడుమెత్తు మట్టి గీత.
పరుపులు, కుక్కర్లు, కుట్టు మిషన్లు
అందరూ ఎండకు పెట్టుకున్నరు.
కాయితాలను మాత్రం ఎవ్వరూ పెట్టలే.
ఒళ్లె పెట్టుకోని కూసున్నరు,
జరమొచ్చిన పిల్లల లెక్క.

అప్పుడు సారయ్య ఇస్త్రీ బండి
బడి వరండలకు ఎక్కింది.
ఈ పిల్ల పాత ధోతి గుడ్డ పరిచి
యాకూబీ ఇంటి పట్టాను దాని మీద పండవెట్టి
ఇంకో గుడ్డ కప్పి
ఆనిచ్చీ ఆనియ్యనట్టు పెట్టెను నడిపింది.
పక్కనుంచి తండ్రి చెప్తుండె:
"పట్టుచీర వేడి చాలు. గట్టిగ ఒత్తకు.
తడి తనంతల తానే లేస్తది."
ఆవిరి లేసింది. వాగు వాసన లేసింది.
దాని కిందికెళ్లి
సర్కారు మొహరు మెల్లగ బయటపడ్డది.

ఇగ లైను కట్టిండ్రు.
పదో తరగతి మెమోలు, బ్యాంకు పుస్తకాలు,
బీడీ కార్డులు, ఒకాయన లారీ లైసెన్సు,
ఎవరిదో మంగళవారం చీటీల లెక్క.
ఒకామె పెండ్లి పత్రిక తెచ్చి
"అక్కరకొచ్చేది కాదు తియ్, ఊకెనే" అని సిగ్గువడ్డది.
దాన్ని గూడ ఆరబెట్టింది.
పైసలు తీసుకోలే.
"బొగ్గులుంటే పిడికెడు ఎయ్యుండ్రి" అన్నది.

నాది ఒక ఇన్‌లాండ్ లెటర్.
మా అమ్మ రాసిన ఒకే ఒక్క ఉత్తరం,
రాత్రి బడిల అక్షరాలు నేర్చిన ఏడు రాసింది.
నవనీత దానితోని అరగంట కూసున్నది.
కాయితం నిలవడ్డది.
అక్షరాలన్నీ కలిసి నీలం మబ్బయినయి.
"ఇది నాతోని కాలే మేడం" అని
ఆ పిల్ల ఏడ్చింది, నేను కాదు.
ఈ అరగంటను ఏ గడిల రాయాలె?

ఆఖరికి నూట ఇరవై అని రాసిన.
గుండ్రటి అంకె ఉంటే పట్నపోళ్లు అడ్డం చెప్పరు.
చెప్పిండ్రు, ఇంకో దానికి:
ఆమె సొంత ఇంటర్ మెమో మూలకు
ఇస్త్రీ పెట్టె ముక్కంత గోధుమ మచ్చ.
అందరివీ అయినంక, అర్ధరాత్రి
నిద్ర కండ్లతోని చేసుకున్న కాయితం అది.
"కాలిన మెమో చెల్లదు, డూప్లికేట్ తెమ్మనుండ్రి."
ఫోన్ల నేనేమన్ననో ఇక్కడ రాయ.
చెల్లింది.

హన్మకొండల సభ.
మనిషెత్తు అట్ట చెక్కు.
దాని ఎనుక ఆమె పాదాలే కనవడుతున్నయి.
"నూట ఇరవై గంటలు!" అని మైకు అరిస్తె
హాలంత చప్పట్లు.
నేనూ కొట్టిన, నా అబద్ధానికి.
ఆఖరి వరుసల సారయ్య కొడుతలేడు.
కండ్లు చిన్నగ చేసి శాలువ దిక్కే చూస్తున్నడు.
"ఏంది సారన్నా?"
"మడతలు చూసిండ్రా మేడం.
అట్నే కప్పిండ్రు పిల్లకు."

సోమారం పొద్దుగాల కాలేజీకి పోతుంటె చూసిన:
బండికి ఎండ మొఖాన అట్ట చెక్కు అడ్డం కట్టి ఉన్నది,
సున్నాలు బయటికి కనవడేటట్టు.
దాని నీడల శాలువ,
కానిస్టేబులు ఖాకీ అంగీకి
ఎవరిదో బడి ఫ్రాకుకు నడుమ,
తన వంతు కోసం చూసుకుంట.
నవనీత నన్ను చూడలే.
వంగి బొగ్గులు ఊదుతున్నది.