ముందు చక్రాల తూకం

హాలిఫాక్స్‌లో వాన కాస్త తెరిపిచ్చిన శనివారం.
బెరిల్ ఆక్రాయిడ్ షెడ్డులో
ముందు కాళ్లు ఊడదీయించుకుని
దిమ్మెల మీద నిలబడి ఉంది నా మోరిస్ మైనర్.

గోడవార కొత్త సరుకు, అట్టపెట్టెల్లో:
నీలం రంగు స్ప్రింగులు, అద్దంలాంటి డిస్కులు.
కింద గోనె మీద
దాని సొంత ఇనుము,
నలభై ఏళ్లు ఎవరూ తుడవని నలుపు.

బాత్రూం తూకం నేలమీద పెట్టి
పాతదొకటి, కొత్తదొకటి ఎక్కిస్తోంది బెరిల్.
"కొత్తదే అర రాయి ఎక్కువ" అంది.
ఈ దేశంలో మనుషుల్నింకా రాళ్లతోనే తూస్తారు.
మా నాయనమ్మ సంతలో
తక్కెడ పళ్లెం తిరగేసి చూసేది,
అడుగున చింతపండు అంటించారేమోనని.
నేనూ తిరగేసి చూశాను.
బెరిల్ నవ్వలేదు.

"స్ప్రింగు మీద కూర్చునే బరువు వేరు,
చక్రంతో పాటు గుంటగుంటకీ ఎగిరిపడే బరువు వేరు.
ఇది ఎగిరేది."

పొద్దున, ఇంకా ఏమీ విప్పకముందు,
నాలుగు చక్రాల కింద నాలుగు తూకాలు పెట్టింది.
నడిపే మనిషి కూడా లెక్కలోకి రావాలట.
నేనెక్కితే అంకె బయటపడుతుంది కదా,
ఇంటికి పరుగెత్తి
సోనామసూరి బస్తాలు మూడు, పైన రెండు కిలోల కందిపప్పు
తెచ్చి సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాను.
కుడిపక్కకి ఒరిగింది కావడి.
ఒక్కో బస్తా మీద ఇరవై కిలోలని అచ్చేసి ఉందనీ
బెరిల్‌కి చదువొచ్చనీ
అప్పుడు తట్టలేదు.

మధ్యాహ్నం టార్చి పట్టుకోమంది.
పాత కడ్డీలు ముందు మోతని వెనక్కి లాక్కెళ్లి
నా సీటు కింద, లావుపాటి దూలం మీద దించేవి.
కొత్త స్ప్రింగులైతే ఇక్కడే,
చక్రం పైన రేకులో మోపుతాయి.
ఆ రేకుని స్క్రూడ్రైవర్ పిడితో కొట్టింది. టంగ్.
కాస్త ఇవతల, టంగ్.
ఇంకాస్త ఇవతల
చప్పుడు రాలేదు.
తుప్పు పొడి నా చేతిమీద రాలింది, పసుపులాగా.

"ఎంత బరువని అడిగావు నెల రోజులు.
ఎక్కడ ఆనుతుందని అడగలేదు" అంది,
కోపంగా కాదు, టీ కలుపుతూ.

అట్టపెట్టెలకి మళ్లీ టేపు వేశాం.
పాత కడ్డీల మీద సుద్దతో రాసింది: ఎడమ, కుడి.
"పుట్టినప్పటి నుంచీ ఒకవైపే మెలిపడ్డాయి.
అటుదిటు బిగించావో, విరుగుతాయి."
పదేళ్లుగా ఎడమ భుజానికే వేలాడే బ్యాగుని
కుడికి మార్చి చూశాను.
కారుదాకా కూడా, అదే, బస్టాపుదాకా కూడా ఉంచుకోలేకపోయాను.

ఆ రాత్రి
నా బరువులోంచి సోలెడు తీసి
కడిగి
ఎసట్లో పోశాను.