రైట్ రైట్

రుయాలో డాక్టరమ్మ స్కాన్ ఫిల్ము
వెలుతురుకి ఎత్తిపట్టి చెప్తా ఉంది:
"ఇదిగో, ఎడమ కణత వెనక. మాట పుట్టేది ఇక్కడే."
నాకు కోసిన కాలీఫ్లవర్ మాదిరి అగపడింది,
ఒక మూల మాడినట్టు.

ముప్పై ఒక్క ఏండ్లు చిత్తూరు-పీలేరు బస్సులో కండక్టరు.
ఇప్పుడు మిగిలింది ఒకటే మాట, రైట్.
నీళ్లు కావాలన్నా రైట్. నొప్పన్నా రైట్.
కుడి చెయ్యి మాత్రం లేవదు.

వెనకాల, కింద, చిన్నమెదడు చెడలేదంట.
అదే కదా, కమ్మీ పట్టుకోకుండా
కల్లూరు మలుపులో నిలబెట్టింది,
వేళ్ల సందున మడిచిన నోట్లతో.
చూపుండే గది తల వెనక, భద్రం.
ఊపిరికి కాపలా మెడ పైన, అదీ భద్రం.
"భయముండే చోటు?" అంటే
"బాదం గింజంత" అని నవ్వింది.
నాది అంతకన్నా పెద్దదే తల్లీ, అనుకున్నా.

"ఈమె పేరేంది?" అనడిగింది.
నాలుగక్షరాలు, మొగిలమ్మ.
పెదాలు కదిలె, నుదురు తడిసె, రాలేదు.
"వరసగా నోటికొచ్చినవి వేరే దారిలో వస్తాయి, చూద్దాం."

మంచం రేకు మీద చరిచినా, బస్సుకి చరిచినట్టు.
"చిత్తూరు..."
అందుకున్నాడు. కాణిపాకం క్రాసు. పూతలపట్టు.
తడబాటు లేదు.
దామలచెరువు కాడ ఆగిపోయె.

ఆ స్టేజీలోనే నేను ఎక్కింది,
తోతాపురి గంపతో, చిల్లర లేకుండా.

నా వైపు తిరిగి మళ్లా అన్నాడు,
దామలచెరువు.

డాక్టరమ్మ తరువాతి స్టేజీ కోసం
పెన్ను పట్టుకొని చూస్తా ఉంది.