వంతెన అవతల

మా జిల్లాల మందు బంద్.
సిరొంచ అంగట్ల ఎండుచేపలు దొరుకుతయి,
నాగటి కర్రులు, టార్చి సెల్లులు, పెండ్లి తలపాగలు దొరుకుతయి.
సల్లటి బీరు సీసా మాత్రం
గోదారి దాటితేనే.

నేరుగ పోతే వంతెన ఎంత దూరం?
రెండు మలుపులు, ఇంత ఎక్కుడు.
కాని మాకొక కట్టుబాటుంది:
నేరుగ పోయి తాగితే తాగుబోతులం,
అంకీస దాకా తొక్కి, మర్లి వచ్చి తాగితే
సైకిలోళ్లం.

నలుగురం.
మా వయసులు కూడితే రెండు వందల డెబ్బై తొమ్మిది,
సైకిళ్లది వేరే లెక్క.
ముందట నాందేవ్ గురుజీ,
ఇంటర్వెల్ అయిపోయినట్టు బెల్లు కొట్టుకుంట.
ఆయన వెనుక మదునయ్య,
డిపోల ముప్పై ఏండ్లు టేకు దుంగలకు నంబర్లేసినోడు,
ఇప్పుడు మైలురాయిని సుత ఆగి చదువుతడు.
ఆత్రం లింగు మాట్లాడడు, తొక్కుతడు.
ఆఖర్న నేను. టపాలోణ్ని.
గడప గడపకు ఆగిన కాలు ఇది,
పందెం దానికి రాదు.

ఫాల్గుణం. బాట పొడుగూత ఇప్పపూలు.
టైరు కింద చిట్లి
తీపి పులుపు వాసన లేస్తది.
"గీ చెట్ల మీద కేసెందుకు పెట్టరు?" అంటడు గురుజీ.

అంకీస కాడ బోరింగు నీళ్లు.
దోసిలి దోసిలి మోకాళ్ల మీద కుమ్మరిచ్చుకున్నం.
మర్లినంక ఎదురుగాలి.
గోదారి గాలికి చిన్నా పెద్దా లేదు,
అందరి అంగీలు ఒక్క తీరుగనే గుంజుతది.

రేకుల షెడ్డు. ఐసు డబ్బాల చెయ్యి పెడితే
మోచేతి దాకా మాఘమాసం.

గురుజీకి లైటు.
సీసాను ఎండకు పట్టి చూస్తడు, జవాబు పత్రం తీరుగ,
నురుగు తక్కువైతే మార్కులు కోస్తడు.
మదునయ్యకు స్ట్రాంగ్.
"టేకు మోసినోనికి పొట్టు నీళ్లెందుకు?"
నాకు సీసా మీది చెమట కావాలె.
నుదుటికి, మెడకు, కుడి మోకాలికి ఆనిచ్చుకుంట,
సగం బీరు తోలుతోనే తాగుత.
లింగు బీరును కుడితి అంటడు.
వానికి తాటికల్లు, అది పొద్దుటిదే,
గీసినోని పేరు అడిగినంకనే ముంత ఎత్తుతడు.

మొదటి గుక్క కడుపులకు పోదు,
పిక్కలల్లకు దిగుతది.
భుజాన సంచి, బొక్కెన లేని బావులు,
నలభై మైళ్లు తొక్కినా
"దూప అయితుందా" అని అడగని ఊర్లు.
గా బాటల కూలి
ఇంత ఆలస్యంగ, రిజిస్టర్ పోస్టుల
ఇప్పుడు చేతికి ముట్టినట్టుంటది.
సంతకం చెయ్యమంటే చేస్త.

రెండో సీసా లేదు, అది ఇంకో కట్టుబాటు.
పొద్దు వాలేదాక కూసుంటం.
సోపు నములుతం.
లింగు నిద్రపోతడు, ముంత వదలకుండ.

ఇవతల చెక్‌పోస్టు కాడ కొత్త పోలీసు పోరడు,
గురుజీ దగ్గర నాలుగో తరగతి చదివినోడు.
సంచులు తీసి చూసిండు: పంపు, పంక్చరు సామాను, రెండు జామకాయలు.
"గురుజీ... జర ఊదుండ్రి"
అన్నడు బూట్లను చూసుకుంట.

గురుజీ ఊదిండు.
ఊదుడు కాదు, పదమూడో ఎక్కం మొదలుపెట్టిండు,
తేరా ఏకే తేరా,
పోరని మొఖం మీదికే, ఒక్కొక్క మెట్టు ఒత్తి పలుక్కుంట.
పోరని పెదవులు వాటంతటవే కదిలినయి.
తేరా సత్తే కాడ
గురుజీ ఆగిండు.
బీరు వల్లనా, డెబ్బై రెండేండ్ల వల్లనా, ఎవరికెరుక?
ఆకాశం దిక్కు చూసిండు, మమ్ముల చూసిండు.
మాకూ రాదు.

"ఎక్క్యాణ్ణవ్" అన్నడు పోరడు, మెల్లగ,
గేటు లేపుకుంట.

మదునయ్య స్పోకులకు పదకొండు మూతలున్నయి,
ఇయ్యాల్టిది పన్నెండోది.
మూతల మీద నిషేధం లేదు.
చీకట్ల గలగల చప్పుడు మా ముందే నడిచింది.
వాసన ఎవరూ పట్టలేదు గని,
సిరొంచ కుక్కలన్నీ
చప్పుడును గుర్తుపట్టి తోక ఊపినయి.