బ్రెడ్డు బండి

కాటేదాన్‌ల మూతబడ్డ బేకరీ వెనక
తుమ్మచెట్టు కింద నాలుగేండ్లు నిలబడ్డ డబ్బా బండి.
టైర్లల్ల గాలి లేదు, అద్దం మీద పిట్టల రెట్ట.
వెనక తలుపు గుంజితే
ఇంకా బ్రెడ్డు వాసన.
గ్రాట్యుటీ పైసలల్లకెళ్లి లక్షా పదివేలు లెక్కవెట్టి ఇస్తుంటె
"ఏం జేస్తవమ్మా దీన్ని?" అన్నడు ఓనరు.
"పండుకుంట" అన్న.

ఇరవై తొమ్మిదేండ్లు సిటీబస్సుల నిలబడ్డదాన్ని.
హయత్‌నగర్‌ల ఎక్కి, మెహిదీపట్నంల దిగి, మళ్లా ఎక్కి,
పట్నమంత నా భుజం రాసుకుంటనే పోయింది.
పిక్కల మీద నరాలు నీలం దారాల లెక్క లేచినయి.
మన్ననూరు దాటినంక రోడ్డుకు అటూ ఇటూ అడవేనంట,
రాత్రి బండి ఆపితే చెవులల్ల చప్పుడే ఉండదంట,
ఎవరో ఎవరికో చెప్తుంటె
చిల్లర ఇచ్చుకుంట విన్న.

ఆటోనగర్‌ల ఖుద్దూస్ షెడ్డు.
గ్రైండరు పెట్టి పక్కరేకు కోస్తుంటె
నిప్పురవ్వలు నా చెప్పుల దాక ఉరికొచ్చి ఆరినయి.
కోసిన ముక్క దబ్బున కింద పడ్డది.
"హోగయా ఆపా, కిటికీ."
ఆవలి దిక్కు ఏమున్నది,
పక్క షెడ్డు మీద ఆరేసిన లుంగీ, ఒక కరెంటు తీగ.
అయినా చాలాసేపు దాంట్లకెళ్లే చూసిన.

తుప్పు గీకినం. గీకినకొద్ది ఇంకింత.
రంగు కిందికెళ్లి "తాజా" అన్న రెండక్షరాలు తేలినయి.
తుడుస్తనన్నడు పనిపోరడు. ఉండనియ్ అన్న.

భోయిగూడల ప్లైవుడ్డు, రాణిగంజ్‌ల బ్యాటరీ,
స్టవ్వు మా ఇంట్లదే.
మంచం కొలతకు
వడ్ల వీరాచారి నన్ను బండి నేల మీద పండుమన్నడు,
చెవి వెనకకెళ్లి చాక్‌పీసు తీసి
తల కాడ ఒక గీత, మడమల కాడ ఒక గీత.
ఎవరు కొలిచినా నిలవెట్టే కొలిచిన్రు నన్ను,
యూనిఫారానికి, జాకెట్టుకు.
"నాలుగంగుళాలు ఎక్కువ వెట్టనా అక్కా, కాళ్లు జాపుకోను?"
కండ్లల్ల నీళ్లెందుకొచ్చినయో
రంపప్పొట్టు పడ్డదని చెప్పిన.

డ్రైవర్ల మెడలు నాకు బాగ తెలుసు, చేతులు చూడలె ఎన్నడు.
స్టీరింగు అరవైల వట్టిన.
ఆదివారాలు, ఖాళీ మైదానంల, లారీల నడుమ,
రివర్సు గేరుతోని కొట్లాట.

ఆర్టీఏ ఆఫీసుల సారు వెనక తలుపు తెరిచి
స్టవ్వును చూసిండు, మంచాన్ని చూసిండు.
"లోడేది? ఏం తోల్తవు దీంట్ల?"
"నేనే సార్. యాభై ఎనిమిది కిలోలు."
నవ్వలె. ఇంకో రెండు సార్లు తిప్పించుకున్నడు.
ఏ గడిల రాసిండో తెల్వదు, రాసిండు.

మొదటి రాత్రి ఏ అడవికీ పోలె,
షెడ్డు ముందటనే ఆపి పండుకున్న.
వాన పడ్డది. రేకు మీద చప్పుడు
బస్సంత ఒక్కసారే చిల్లర గుమ్మరించినట్టు.
ఒక మూలకెళ్లి కారింది.
గిన్నె వెట్టి, చుక్కలు లెక్కవెట్టుకుంట, ఎక్కడో లెక్క తప్పి
నిద్రవోయిన.
పొద్దుగాల ఖుద్దూస్ చాయ్ తెచ్చి ఆ మూలకు లప్పం పూసిండు.
"ఇంకా కారొచ్చు" అన్నడు.

ఇగ ఇయ్యాల
క్లచ్చు వదలంగనే నోట్లకెళ్లి "రైట్ రైట్" వచ్చింది,
వినెటోళ్లు ఎవరు లేకున్నా.
తుక్కుగూడ దాటినంక రోడ్డు పక్క ఒక ముసలామె,
నెత్తి మీద మూట, చెయ్యెత్తింది.
బస్సు గాదవ్వా అందామనుకున్న,
కాలు అప్పటికే బ్రేకు మీదున్నది.
ఎక్కి కూసుండి "కడ్తాల్" అన్నది, కొంగు ముడి విప్పుకుంట.
నా చెయ్యి చంకకిందికి పోయి
లేని సంచిని దేవులాడుతున్నది.
ఆమె ముక్కు ఎగవీల్చి, వెనకకు తిరిగి చూసి, 
"బ్రెడ్డు అమ్ముతవా బిడ్డా?"